నిశ్చలం అని రాశాను

మిర్చియార్డు వెనక
పాత కోల్డ్ స్టోరేజీ గోడ నీడలో మా పరీక్ష.
ముగ్గురు అభ్యర్థులం, ఒక గుర్రం,
మడతకుర్చీలో హైమవతి మేడం,
పక్కన గోనెపట్టా మీద కాలేషా తాత.
ముప్పై ఏళ్లు గుంటూరులో జట్కా తోలినాయన.
సంతకం రాదు,
మార్కుల్లో సగం మాత్రం ఆయన చేతిలోవే.

మార్చి ఎండ. గాలినిండా కారం.
మాకు ఒకటే తుమ్ములు.
గుర్రం తుమ్మలేదు.

దాని పేరు పటాస్. పెళ్లి ఊరేగింపుల గుర్రం.
మాఘమాసంలో, పట్టాభిపురంలో,
టపాకాయల దండ చెవి పక్కనే పేలితే
పెళ్లికొడుకుని తీసుకెళ్లి బ్యాండువాళ్ల డ్రమ్ము మీద దించిందట.
"పొగరండీ దానికి, అణిస్తే చాలు" అంటాడు ఓనరు.

రెండేళ్లు చదివాను నేను.
చెవి వెనక్కి పెడితే ఏమిటో, తోక బిగిస్తే ఏమిటో,
కోపాన్నీ కడుపునొప్పినీ ఎలా విడదియ్యాలో,
ఎక్కడ మన చేతులు మనం కట్టుకుని
పశువుల డాక్టరుకి ఫోన్ కొట్టాలో,
అన్నీ కంఠతా.
రాతపరీక్షలో తొంభై ఒకటి.
మా అమ్మ టిఫిన్ బండి దగ్గర
ఇడ్లీకొచ్చిన వాళ్లందరికీ చట్నీతో పాటు ఆ అంకె వడ్డించింది.

నా వంతు వచ్చింది.
ఎదురుగా కాకుండా భుజం వైపు నుంచి వెళ్లాను.
మెడ మీద చెయ్యేశాను. కదల్లేదు.
వీపు. కదల్లేదు.
కాలు అడిగాను. ఇచ్చింది.
ముక్కు ముందు గొడుగు తెరిచాను. రెప్ప వెయ్యలేదు.
గోడ అవతల ఏదో లారీ ఢామ్మంది.
ఉలిక్కిపడింది నేను.

ఫారంలో ప్రవర్తన అన్న గడిలో
నిశ్చలం అని రాశాను.
కింద గీత కూడా గీశాను.

కాలేషా తాత మోకాళ్లు పట్టుకుని లేచాడు.
గుర్రం దగ్గరికి పోలా, నా దగ్గరికొచ్చాడు.
"నువ్వెళ్లినప్పట్నించీ ఒక్కసారైనా నమిలిందా?"
గడ్డి దాని ముక్కు కింద పెట్టింది పెట్టినట్టే ఉంది.
"కింది పెదవి చూశావా?"
అప్పుడు చూశాను.
కాటా అయిపోయాక కుట్టేసిన టిక్కీ మూతిలా ఉంది.

"నా సితార కూడా ఇట్టాగే నిలబడేది బాబూ.
ఏసీ కాలేజీ స్టాండులో అందరూ మెచ్చుకునేవోళ్లు,
గుర్రమంటే ఇదీ అని. నేనూ మురిసిపోయా.
అది పోయినాక జీను తీసి కడుగుతుంటే కనపడింది,
ఎముక దాకా దిగిన పుండు.
ఎన్నాళ్లు అడిగిందో. అడిగీ అడిగీ మానేసింది."

మేడం పెన్ను మూత పెట్టింది.
"ఆర్నెల్లు. నూట ఇరవై గంటలు. ముట్టుకోకు.
కూర్చో, చూడు, రాయి."
"ఫెయిలా మేడం?"
"ఇవాళే సంతకం పెడితే
రేపట్నించి నువ్వు ఎన్ని గుర్రాల మీద చెయ్యేస్తావు?"

ఓనరొక్కడే వచ్చి చెయ్యి కలిపాడు.
"భలే అణిచావు తమ్ముడూ."
శంకర్ విలాస్ దాకా ఆటోలో
ఆ చేతిని ఒళ్లో పెట్టుకోలేక కమ్మీకి వేలాడదీశాను.

రాత్రి ట్రంకుపెట్టెలో వేరే కాగితమేదో వెతుకుతుంటే
ఇంటరు కాలేజీ ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్ దొరికింది.
హాస్టల్లో రెండేళ్లు.
తెల్లారుజామున నాలుగింటికి విజిలు, వరండాలో వరస,
తప్పిన లెక్కకొక బెత్తం.
మొదటి నెల్లో గోడ దూకాను, రెండో నెల్లో ఏడ్చాను.
తర్వాత ఏమీ చెయ్యలేదు.
సత్ప్రవర్తన, అని రాశారు.
ముత్యాల్లాంటి అక్షరాలు.

ఇవాళ్టికి ముప్పై ఏడో గంట.
డాక్టరు దాని దవడలో పుచ్చుపన్ను పీకి పన్నెండ్రోజులు.
కళ్లెం గూట్లో ఉంది. వైశాఖం బేరాలన్నీ పోయాయని
ఓనరు నాతో మాట్లాడటం లేదు.

నాలుగూ పదికి, నీళ్లు పెట్టబోయిన తాత చొక్కాని
పటాస్ చటుక్కున కొరికి చింపింది.
తాత వెనక్కి తూలి, చిరుగులో వేలు పెట్టి చూసుకుని,
బోసినోటితో నవ్వి,
"రాసుకో రాసుకో" అన్నాడు.

ప్రవర్తన అన్న గడి ముందు
చాలాసేపు పెన్ను నములుతూ కూర్చున్నాను.